నల్లాకు కట్టిన ఆకుపచ్చ వైరు

నల్లా పట్టుకుంటే జివ్వుమంటుందని ఆశమ్మ ముగ్గురికి చెప్పింది. ముందుగాల ఇంటి ఓనర్‌కు చెప్పింది, తర్వాత నళినికి చెప్పింది, ఆఖరికి నాకు చెప్పింది. మొదటి ఇద్దరికి కరెంటు గురించి ఏం తెల్వది. నాకు తెలుసు. ఇరవై ఆరేండ్ల సంది చిక్కడపల్లి గల్లీల కంప్యూటర్లు బాగుచేస్తున్న. అందుకే ఈ ముచ్చట వాళ్లది కాదు, నాది.

నా పేరు జగదీశ్వర్. నాకు ముక్కు మీద కోపం అని బజారు బజారంతా తెలుసు. కస్టమర్ ఎవరన్న వచ్చి "అన్నా, నెట్‌ల చూసిన, గిట్ల చెయ్యాల్నంట" అన్నడంటే, స్క్రూడ్రైవర్ ఆయన చేతిల పెట్టి "అయితె నువ్వే చెయ్యి, నేను చాయ్ తాగొస్త" అంట. అయినా నా దగ్గరికే వస్తరు. మిషన్ నా టేబుల్ మీదికెక్కిందంటే బాగయే దిగుతది. ఆ పొగరు నాకు మస్తుగుండె.

నళిని అశోక్‌నగర్‌ల ఒక పాత బిల్డింగుల రెండో అంతస్తుల కిరాయికుంటది. అక్కడి కోచింగ్ సెంటర్ల క్లాసులు వీడియో తీస్తరు గద, వాటిని కట్ చేసి, సారు దగ్గింది తీసేసి, బోర్డు మీద రాసింది సక్కగ కనపడేటట్టు చేసి ఇచ్చుడు ఆమె పని. జనవరి ఆఖర్ల ఫోన్ చేసింది.

"అన్నా, ఎక్స్‌పోర్ట్ పెడితే నడుమల్నే మిషన్ బందయి మల్ల ఆన్ అయితుంది. మూడు గంటల క్లాసు, ముప్పై సార్లు పెట్టిన. పరేషాన్ అయితుంది."

ఎక్స్‌పోర్ట్ అంటే కట్ చేసిన ముక్కలన్నీ కలిపి ఒక్క వీడియోగ బయటికి తీసుడు. అప్పుడు మిషన్ మీద మస్తు బరువు పడ్తది. ఇది వేడి కత అనుకున్న. పోయి కేబినెట్ విప్పిన. ఫ్యాన్ల నిండ దుమ్ము. దులిపిన, ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకి కొత్తది పూసిన, గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ తీసి కొంచెం పాత వర్షన్ ఏసిన. నా ముంగట్నే రెండు వీడియోలు మంచిగ బయటికొచ్చినయి. మూత బిగిస్తుంటే నళిని అడిగింది.

"ఇప్పుడు ముట్టుకోవచ్చా అన్నా?"

"ముట్టుకోనీకి ఏమైంది?"

"అప్పుడప్పుడు డబ్బా మీద చెయ్యి పెడితే చీమ కుట్టినట్టయితది. స్పీకర్ల గుయ్యిమని సౌండ్ గూడ వస్తది."

"చలికాలం, స్వెటర్ ఏస్కుంటే గట్లనే అయితది. ముట్టుకో, అదేం కరవదు" అన్న. నవ్వింది. నేను గూడ నవ్విన.

తెల్లారి పదింటికి మల్ల ఫోన్. మల్ల బందయింది.

ఈసారి మిషన్ ఎత్తుకొచ్చి దుకాణంల పెట్టిన. ర్యామ్ ముక్కలు ఒక్కొక్కటి తీసి చూసిన, పవర్ సప్లయ్ డబ్బా మార్చిన, హార్డ్ డిస్క్ చెక్ చేసిన, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి కొత్తగ ఏసిన. నాలుగు దినాలు నా టేబుల్ మీద ఆగకుండ వీడియోలు తీసింది, ఒక్కసారి గూడ బందు కాలే. తీస్కపోయి అశోక్‌నగర్‌ల పెట్టిన. తెల్లారి బందయింది.

నా దగ్గర మంచిగ, ఆమె దగ్గర ఖరాబ్. ఇంతకంటె అవమానం మెకానిక్‌కు ఇంకోటుండదు. పోయి మెట్లెక్కుతనే ఆమె మీద ఎగిరిన. "నువ్వే ఏదో నొక్కుతున్నవ్ నళినీ, లేకుంటె నా దగ్గర ఎందుకు నడుస్తది?"

నళిని నోటుబుక్కు తెచ్చి నా ముందల పెట్టింది. ఎడిటర్ గద, ప్రతిదానికి టైము రాసుకునే అలవాటు. మిషన్ బందయినప్పుడల్ల తారీకు, టైము రాసిపెట్టింది. పది గంటల ఐదు నిమిషాలు. నాలుగు గంటల పది. పదింటికి. నాలుగూ ఇరవై. పేజీ నిండ పదో, నాలుగో తప్ప వేరే గంట లేదు.

నా కోపం అక్కడ్నే దిగింది. "ఈ ఇంట్ల పదింటికి, నాలుగింటికి ఏమయితది?" అని అడిగిన. అడుగుతుండంగనే కింద గుర్రుమని సప్పుడైంది. గడియారం చూస్తే నాలుగయింది. ఓనర్ సూర్యప్రకాశరావు గారు బోరు మోటార్ ఏసిండు.

ఆ దినం నళినిని నలభై ప్రశ్నలడిగిన. మోటార్ ఏస్తే లైటు తగ్గుతదా, గుయ్యిమనే సౌండు అప్పుడే వస్తదా, చీమ కుట్టినట్టయ్యేది గూడ అప్పుడేనా. ఆమె అన్నిటికి ఓపికగ చెప్పింది. ఏ మిషన్ కత అయినా ముందు అడగాల్సింది ఒక్కటే, ఎప్పుడయితుంది అని. నా ఉస్తాద్ నాకు నేర్పిన మొదటి పాఠం అది.

మీటర్ పెట్టి చూసిన. తెలిసిపోయింది. మూడు పిన్నుల ప్లగ్గుల పెద్ద పిన్ను ఎర్త్. ఏ మిషన్ల అన్న కరెంటు లీకయితే మనిషి మీదికి రాకుండ ఆ వైరు పట్టుకుని భూమిలకు పోవాలె. ఈ బిల్డింగుల అన్ని అంతస్తులకు ఎర్త్ వైరు ఒక్కటే, అది భూమిలకు దిగేకాడ తుప్పు పట్టి తెగింది. కింద మోటార్ ముసలిది, దాని ఒళ్లంత కరెంటు లీకు. ఏసినప్పుడల్ల ఆ లీకు భూమిలకు పోయే తొవ్వ లేక, అదే వైరు పట్టుకుని పైకెక్కి నళిని కంప్యూటర్ల కూసుంటుంది. మిషన్‌ది ఏం తప్పు లేదు.

చెయ్యాల్సిన పని సీదా ఉన్నది. మోటార్ బాగుచేపియ్యాలె, కింద గుంత తీసి కొత్త ఎర్త్ దింపాలె. మొదటి అంతస్తుకు దిగి రావు గారికి చెప్పిన. ఆయన ఎప్పుడో రిటైరయిన ఆఫీసరు, గోదావరి దిక్కు మనిషి. పేపరు మడిచి నా దిక్కు చూసిండు.

"ముప్పై ఏళ్ల నుంచి నడుస్తోందండీ ఆ మోటారు. మీకు కంప్యూటర్ బాగుచేయడం చేతకాకపోతే ఆ మాట చెప్పండి. మా ఇంటికి వంకలు పెట్టకండి."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనేటోనితోని ఏం మాట్లాడ్తం. చేతకాదంటడా నన్ను. నెత్తురు సల సల కాగింది. మెట్లెక్కి పైకొచ్చిన, సంచిల నుంచి ఆకుపచ్చ వైరు తీసిన. నళిని స్విచ్ బోర్డుల ఎర్త్ పిన్నుకు ఒక కొస కట్టి, కిటికీల నుంచి బాత్రూంలకు లాగి, ఇంకో కొస ఇనుప పైపుకు గీకి బిగించిన. ఆ పైపు మీద ట్యాంకు నుంచి అన్ని అంతస్తుల నల్లాలకు నీళ్లిచ్చుకుంట భూమిలకు దిగుతది. ఇనుము భూమిల ఉన్నంతసేపు లీకు కరెంటు అందులకెళ్లి కిందికి పోతది. మన హైద్రాబాద్ పాత ఇండ్లల్ల సగం ఎర్తింగులు గివే. తప్పని తెలుసు. తప్పని తెలిసినా పని నడుస్తదని గూడ తెలుసు.

తెల్లారి పదింటికి మోటార్ నడుస్తుంటే కేబినెట్ మీద చెయ్యి పెట్టిన. ఏం లేదు. స్పీకర్ల సౌండ్ బంద్. మూడు గంటల క్లాసు ఆగకుండ బయటికొచ్చింది.

"ఇప్పుడు ముట్టుకోవచ్చా అన్నా?"

"పండుకో దాని మీద" అన్న. నళిని కండ్లల్ల నీళ్లు తిరిగినయి. నెల రోజుల పని పోతదని భయపడ్డదంట. రావు గారి ముంగటి నుంచి నేను ఈల ఏసుకుంట పోయిన.

ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. ఏ ఫోన్ లేదు. మే నెలల వీడియోలు ఎక్కువైనయి, ఇంకో హార్డ్ డిస్క్ పెట్టమని నళిని పిలిచింది. పగటీలి పన్నెండింటికి పోయిన. డిస్క్ పెడుతుంటే తలుపుకాడ ఒక మనిషి వచ్చి నిలబడ్డది. యాభై ఏండ్లుంటయి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకొని ఉన్నది. ఆ బిల్డింగుల మూడిండ్లల్ల గిన్నెలు తోముతది, పేరు ఆశమ్మ. ముషీరాబాద్ నుంచి నడిచొస్తది.

"కంప్యూటర్ అన్న వచ్చిండంటే వచ్చిన" అన్నది. "కింద సారు వాళ్ల ఇంటి ఎనక నల్లా ఉన్నది గదన్నా, అది పట్టుకుంటే జివ్వుమంటుంది. సారుకు చెప్తే నీకు బీపీ ఉంది, తిమ్మిర్లు అన్నడు. ఈ అక్కకు చెప్తే నువ్వొచ్చినప్పుడు అడగమన్నది. జర చూడు అన్నా, నాకు భయమయితుంది."

నాకు అప్పటికే లేటయితుంది. అయినా దిగిపోయిన. రావు గారి ఇంటి ఎనక చిన్న బాల్కనీ, అందుల గిన్నెలు తోమే జాగ, గోడకు ఇనుప పైపు, దానికి ఇత్తడి నల్లా. నల్లాకు సైకిల్ ట్యూబు ముక్క గట్టిగ చుట్టి దారంతోని కట్టి ఉన్నది.

"ఇదేంది?"

"నేనే కట్టిన. రబ్బరుకు షాక్ రాదంటరు గద. మా తమ్ముడు సైకిల్ దుకాణంల పనిచేస్తడు, అడిగి తెచ్చిన. దాని మీద నుంచి పట్టుకుంటే జర ధైర్యం."

నవ్వొచ్చింది నాకు. ఎగతాళిగ నవ్విన, అబద్ధం ఎందుకు. జేబుల నుంచి టెస్టర్ తీసి పైపుకు పెట్టిన. టెస్టర్ల లైటు ఎలగలే. నల్లాను చేత్తోని గట్టిగ పట్టుకుని చూపెట్టిన. కాళ్లకు రబ్బరు చెప్పులున్నయి, ఆ సంగతి నాకు గుర్తు గూడ లేదు.

"చూసినవా. కరెంటు లేదు, గిరెంటు లేదు. ఈ రబ్బరు తీసెయ్. తడి రబ్బరు పట్టుకుంటే చెయ్యి జారి గిన్నెలే పగులుతయి."

"గిప్పుడు కాదన్నా, పొద్దుమీకి..." అన్నది ఆశమ్మ.

"నేను పట్టుకున్న గద. నా కంటె ఎక్కువ తెలుసా నీకు?"

ఆశమ్మ నా ముంగట్నే దారం విప్పి, ట్యూబు ముక్క తీసి, మడిచి, గోడకున్న ఇనుప మొలకు తగిలించింది. "నువ్వు చెప్తే నిజమే అయితది తియ్యన్నా" అన్నది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నమ్మింది.

మెట్లు దిగి స్కూటర్ తీస్తుంటే గోడ దిక్కు చూపు పోయింది. పైనుంచి దిగొచ్చే ఇనుప పైపు నడుము ఎత్తు వరకే ఇనుము. అక్కడి నుంచి భూమిలకు తెల్లటి ప్లాస్టిక్ పైపు. కొత్తది, దాని మీది స్టిక్కర్ గూడ పోలే. పాతది కారుతుందని నెల కింద రావు గారు ఎవరితోనో మార్పించిండంట. నేను స్కూటర్ ఆపి ఆ పైపును చూసుకుంట నిలబడ్డ. లోపల ఏదో తట్టింది. ప్లాస్టిక్ అంటే కరెంటుకు తొవ్వ బంద్ అని నా మనసు సగం మాట అన్నది. అంతల్నే ఫోన్ మోగింది, నారాయణగూడ నుంచి ఒక కస్టమర్ మొత్తుకుంటున్నడు. రేపు చూద్దాంలే అనుకున్న. పాత పైపు కారిన నీళ్లకు గోడ ఇంకా తడిగుండె, అదే కొంచెం కరెంటును తాగి భూమిలకు దింపుతుండె. ఎండలు మాత్రం దంచుతున్నయి. ఒక్కొక్క దినం ఆ గోడ ఎండుకుంట వచ్చింది. ఆలస్యం అమృతం విషం అని ఊరికె అనలే పెద్దోళ్లు.

మూడు దినాలైంది. నారాయణగూడల ఒక ఆఫీసుల ప్రింటర్ విప్పుకొని కూసున్న. నళిని ఫోన్.

"అన్నా, మల్ల మొదలైంది. పొద్దున పదింటికి రెండుసార్లు బందయింది. డబ్బా ముట్టుకుంటే ఈసారి చీమ కాదన్నా, చెయ్యి ఎగిరిపడ్డది. భుజం దాంక గుంజింది."

చేతిల స్క్రూడ్రైవర్ చేతిల్నే ఉండిపోయింది. ఆ నిమిషం అన్నీ వరుసగ కండ్ల ముందలికొచ్చినయి. తెల్ల పైపు. ఎండిన గోడ. నేను కట్టిన ఆకుపచ్చ వైరు. మోటార్ లీకు వైరు పట్టుకుని పైకెక్కి, నా వైరు మీదకెళ్లి పైపులకు దిగి, భూమి దొరకక నల్లాల్లనే నిలబడ్తది. నేను నల్లా పట్టుకున్నది పన్నెండింటికి, మోటార్ బందున్నప్పుడు. పొద్దుమీకి, అంటే సాయంత్రం మోటార్ ఏసినప్పుడు అని చెప్పబోయింది ఆశమ్మ. ఆ మాటను నేనే నడుమల తుంచేసిన. నళినిని నలభై ప్రశ్నలడిగినోన్ని, ఆశమ్మను ఒక్కటి అడగలే, ఎప్పుడు అని.

టైము చూసిన. నాలుగుకు పది తక్కువ.

"నళినీ, కిందికి పోయి రావు గారిని మోటార్ ఎయ్యద్దని చెప్పు. ఉరుకు."

"నేను ఇంట్ల లేనన్నా, సెంటర్‌ల ఉన్న. వీడియోలు ఇయ్యనీకి వచ్చిన. ఏమైంది?"

"ఆయన నంబరు పంపు. నువ్వు గూడ ఇంటికి ఉరుకు."

రావు గారు నాలుగో రింగుకు ఎత్తిండు. అప్పుడు నేను మెల్లగ చెప్పాల్సింది. సార్, నేనొక తప్పు చేసిన, మీ నల్లాలల్ల కరెంటు వస్తది, ఆశమ్మను ముట్టుకోనియ్యకండి అని. గట్ల చెప్పాలంటే వైరు నేనే కట్టిన్నని ఒప్పుకోవాలె. దాని బదులు అరిచిన.

"మోటార్ ఎయ్యకు. చెప్తే అర్థం కాదా నీకు, మోటార్ ఎయ్యకు."

"ఎవరు మీరు? ఆ కంప్యూటర్ ఆయనా? మా ఇంట్లో మోటారు ఎప్పుడు వేయాలో మీరు చెప్తారా?" అని పెట్టేసిండు. మల్ల చేస్తే ఎత్తలే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటరు. నా నోరు ఎన్నడు మంచిగ లేకుండె, ఆ దినం అది నాకొక్కనికే కాదు ముప్పు తెచ్చింది.

స్కూటర్ తీసిన. మెట్రో పిల్లర్ల పొంటి నారాయణగూడ నుంచి చిక్కడపల్లి దాంక బండ్లు చీమల బారు కట్టినయి. హారన్ కొట్టిన, తిట్టిన, ఫుట్‌పాత్ మీదికెక్కించిన. చిక్కడపల్లి మార్కెట్‌కాడ కూరగాయల బండి అడ్డమొచ్చింది, దాన్ని తప్పించబోయి పడబోయిన. అశోక్‌నగర్ గల్లీల తిరిగేసరికి నాలుగూ పన్నెండు. పుస్తకాలు చంకల పెట్టుకొని పిలగాండ్లు చాయ్ బండికాడ నవ్వుకుంట నిలబడ్డరు. బిల్డింగు ముంగట స్కూటర్ ఆపంగనే నాకు ఇనపడ్డది, మోటార్ గుర్రుమని నడుస్తుంది.

ఉరికి మెయిన్ బంద్ చేసిన. మెట్లెక్కిన.

ఆశమ్మ ఎనక బాల్కనీల ఒక పక్కకు పడి ఉన్నది. నల్లా ఇడిసిపెట్టి ఉన్నది, నీళ్లు ఆమె కాళ్ల మీదికెళ్లి పోతున్నయి. రావు గారు గుమ్మంల నిలబడి ఉన్నడు, మొఖంల నెత్తురు లేదు. "ఫిట్స్ వచ్చినట్టున్నాయండీ. కేక కూడా వేయలేదు" అన్నడు. రెండు చేతులు ఆమె రొమ్ము మీద పెట్టి అదిమిన. చెమటలు కారేదాంక అదిమిన. అంబులెన్స్ పిలగాడు వచ్చి నా చేతులు పక్కకు తీసి, ఆమె చెయ్యి పట్టి చూసి, తల అడ్డంగ ఊపిండు.

లేస్తుంటే గోడకున్న మొల కనపడ్డది. సైకిల్ ట్యూబు ముక్క, మూడు దినాల కింద మడిచి తగిలించింది తగిలించినట్టే ఉన్నది. ఆరిపోయి, దుమ్ము పట్టి. ఆమె నా మాట మీద ఉన్నది.

జనం జమైండ్రు. గుండె ఆగిందంట అని ఒకరు, బీపీ గోళీలు ఏస్కోలేదంట అని ఒకరు. రావు గారు అవునండీ, బీపీ ఉంది, నేనే చెప్పాను అని పదిమందికి చెప్తున్నడు. మోటార్ సంగతి ఎవరు తియ్యలే. నళిని వచ్చింది, తాళం తీసింది. ఆమె ఎనకాల పైకి పోయి, బాత్రూంల ఆకుపచ్చ వైరు కట్ చేసి, చుట్ట చుట్టి ప్యాంటు జేబుల పెట్టుకున్న. చేతులు కాలినంక ఆకులు పట్టుకునుడు. నళిని గుమ్మంకాడ నిలబడి చూసింది. ఆమెకు ఇంకా ఏం తెల్వది. ఏడ్చుకుంటనే అలవాటుగ అడిగింది.

"ఇప్పుడు ముట్టుకోవచ్చా అన్నా?"

జేబుల వైరు కొస తొడకు గుచ్చుకుంటుంది. కిందికి పోతే ఎవరు నన్ను ఏం అడగరు. గుండె ఆగిందన్న మాట అప్పటికే నిలబడ్డది. తిలా పాపం తలా పిడికెడు అని పంచుకుందామంటే మోటార్ రావు గారిది, పైపు మార్చినోడు ఇంకొకడు. ఇంటికి పోయి పండుకోవచ్చు. అంత ఆలోచన చేసిన నేను. దాస్తే ఏం లాభం, చేసిన.

మెట్లు దిగిన. ఆశమ్మ అక్క ఈదమ్మ అప్పుడే వచ్చింది. పక్క గల్లీల పనిచేస్తదంట, చేతుల సబ్బు నురగ గూడ ఆరలే. చెల్లె తల ఒళ్లో పెట్టుకొని కూసున్నది. ఆమె మొత్తుకోలే. చుట్టూ ఉన్నోళ్లందరు గుండె, బీపీ అంటుంటే ఇని, తల ఎత్తి ఒక్కటే అడిగింది.

"ఎన్ని గంటలకైంది?"

రావు గారు నేల చూపులు చూసిండు. నేను పోయి ఈదమ్మ ముందల కూసున్న.

"నాలుగింటికి" అన్న. "మోటార్ ఏసినంక." జేబుల నుంచి వైరు తీసి ఆమె ముందల పెట్టిన. "ఈ వైరు కట్టింది నేను. నల్లాకున్న రబ్బరు విప్పించింది నేను."